కోట పోయిన చోట తోట

గతమాసమున సంఘకార్యముమీద మేము నలుగురము పుదుచ్చేరి పోయియుంటిమి. యానామునుండి మన రాజధాని యెంత దూరమో పాఠకులకు చెప్పనక్కరలేదు. సుమారు 850 కిలోమీటర్లు. ఒక్క సంతకమునకై రెండు రాత్రులు రైలులో గడపినవారు మనలో పెక్కుమంది కలరు. ఆ నాడును మేము చూడవలసిన పెద్దమనిషి మధ్యాహ్నము దాటినగాని రారని తెలియవచ్చినందున, వరండాలో నిలువబడుటకంటె మేలని ఎదుటనున్న భారతి పార్కులో పోయి కూర్చుంటిమి.

మంచి చెట్లనీడ. నడుమ నాలుగు ద్వారముల తెల్లని ఆయి మండపము. పిల్లలు జారుడుబల్లలపై ఆడుచుండిరి. పింఛను పుచ్చుకొనువారు కాబోలు, ముగ్గురు వృద్ధులు ఒకే వార్తాపత్రికను పంచుకొని చదువుచుండిరి. ఒక తల్లి ఆసుపత్రి చీటీ చేతబట్టుకొని బిడ్డకు అన్నము తినిపించుచుండెను. మాలో పెద్దవారొకరు చుట్టును చూచి, “మన తాతలు లూయీకోట, లూయీకోట అనెడివారు గదా, అది యెక్కడ?” అని అడిగిరి. మాకు వెంటనే బదులు తోచలేదు. వేరుసెనగలమ్ము నతని నడిగితిమి. అతడు సముద్రమువైపు చేయి చూపెను. వార్తాపత్రికవారి నడిగితిమి. వారిలో ఒకరు అరవమున, మరియొకరు ఇంగ్లీషున, కోట యేదియు ఇచ్చట లేదని మర్యాదగ చెప్పిరి.

నిజమునకు అందరమును ఆ కోటలోనే కూర్చుండియుంటిమి.

చదువుకొన్నది కొంత, తరువాత విచారించి తెలిసికొన్నది కొంత, ఇచ్చట వ్రాయుచున్నాము. ఫ్రాన్సువా మార్తె అనునతడు 1674లో పుదుచ్చేరిలో ఫ్రెంచివారి వర్తకమును నిలిపెను. 1693లో డచ్చివారు ఊరు పట్టుకొనిరి. 1699లో అది మరల ఫ్రెంచివారికి చేరెను. ఇక నెవరును పట్టుకొనకుండునట్లు ఐదు కోణములు, ఐదు బురుజులు గల కోటను వారు కట్టి, తమ రాజు పేరు గల పుణ్యపురుషుని పండుగ దినమున, అనగా 1706 ఆగస్టు 25వ తేదీన, దానికి ప్రారంభోత్సవము చేసిరి. ఏబదియైదేండ్లు కూడ నిలువలేదు. 1761 జనవరిలో, ముట్టడివలన ఆకటికి నకనకలాడుచున్న ఊరు కర్నల్ కూటుకు లొంగిపోయెను. ఇంగ్లీషువారు కోటను పునాదులదాక పెల్లగించిరి. అంతకు మూడేండ్ల ముందు, 1758లో, కడలూరు చెంతనున్న ఇంగ్లీషువారి సెయింట్ డేవిడ్ కోటను ఫ్రెంచివారు పడగొట్టియుండిరి. వర్తకులము గనుక ఈ లెక్క మాకు బాగుగనే బోధపడినది. అసలును వడ్డీతో సహా వసూలు చేసికొనిరి.

1763నాటి సంధి ననుసరించి ఊరు మరల ఫ్రెంచివారికి వచ్చెను. ఇండ్లు లేచినవి, దొరగారి భవనము లేచినది, కోట మాత్రము లేవలేదు. అయితే ఆ నేలను ముక్కలుచేసి అమ్ముకొనలేదు. అదియే మేము గమనింపవలసిన విషయము. కోట నేలలో నడిమిభాగము తోటయైనది. మూడవ నెపోలియను కాలమున ఊరికి మంచినీళ్లు తెచ్చిన గుర్తుగా దాని నడుమ ఆయి మండపమును కట్టిరి. ఆ మండపపు బొమ్మయే నేడు పుదుచ్చేరి ప్రభుత్వమువారి ముద్రగ మన ధ్రువపత్రములన్నిటిపైనను ఉన్నది. ఆయి కథలో మన రాయలవారు కూడ కలరు. దీపములతో వెలుగుచున్న ఒక వేశ్య యిల్లు చూచి దేవాలయమనుకొని శ్రీకృష్ణదేవరాయలు నమస్కరించెననియు, సంగతి తెలిసి కోపించి దానిని పడగొట్టుమనెననియు, ఆ ఆయి తానే ఇల్లు తీయించి ఆ చోట ఊరివారికి చెరువు త్రవ్వించెననియు చెప్పుదురు. కథ కథయే యగుగాక, ఆ తోటలో కూర్చుండి వినుటకు తగిన కథ.

తెలుగునకు ఆ చోటుతో ఇంతకంటె దగ్గరి చుట్టరికము కూడ ఉన్నది. ఆ కోటలో దొరలకు దుబాసిగ పెత్తనము చేసిన ఆనందరంగపిళ్లైవారి పేరిట కస్తూరి రంగకవి తెలుగున ‘ఆనందరంగరాట్ఛందము’ అను లక్షణగ్రంథము వ్రాసెను. కోటగోడలు నిలిచియున్న దినములలో తెలుగు ఆ ఊరికి పరాయిది కాదు. 1965నాటి అధికారభాషల చట్టము యానామునందు తెలుగును వాడుకొనుటకు వీలు కల్పించినది. ఆ వీలు యానాము పొలిమేరవద్దనే ఆగిపోయినట్లున్నది, రాజధాని నడిబొడ్డున నున్న ఆ తోటలో మేము తిరిగినంతమేర ఒక్క తెలుగక్షరము కంటబడలేదు. ప్రక్కనున్న వీధికి మాత్రము సెయింట్ లూయీ పేరు నిలిచియున్నది. ఆ వీధిన పోవు వేలమందిలో ఆ పేరెవరిదో అడుగువారు ఎందరుందురు?

ఐనను మేము నిందింపదలచుట లేదు. నేల మిగిలినది. నేల మిగిలినయెడల మాట నెప్పుడైనను చేర్చవచ్చును, ఒక రాతిపలక చాలును. నేలయే పోయినచోట పలక యెక్కడ పాతుదుము? రాజమహేంద్రవరములో కోటగుమ్మమున్నది, బస్సులన్నియు అచ్చట ఆగును. గుమ్మమేది, కోటయేది? ఏలూరిలో కోటదిబ్బ యనుమాట యున్నది. సామర్లకోటలో కోట యన్నది పేరులోనే యున్నది. మన గోదావరి సీమలో పేర్లు కోటలను మించి బ్రదికినవి.

ఈ మాటలు వ్రాయుచుండగ మా మనస్సు బందరువైపు లాగుచున్నది. దానికి రెండు కారణములు. పుదుచ్చేరి, యానాము, బందరు ఈ మూడును ఒకప్పుడు ఒకే కొలువునకు చెందిన రేవులు. మన పెద్దల సరకు ఓడలలోనికి పోయిన దారి ఆ మూటి మీదుగనే. రెండవ కారణము సొంతము. మేము బట్టల వ్యాపారులము. పెడన కలంకారీ కొరకు ఏటేట ఆ ప్రాంతమునకు పోవుచుందుము. గత వేసవిలో పని త్వరగ ముగిసినందున, బందరు ఊరునుండి గిలకలదిండి వైపు పోవు దారిలోనున్న బందరుకోటను చూడబోయితిమి.

బందరు చరిత్ర బందరువారికే విసుగు పుట్టునంతగా చెప్పుకొన్నది గనుక క్లుప్తముగ చెప్పెదము. గోలకొండ నవాబులకు అదియే పెద్ద రేవు. 1611లో ఇంగ్లీషువారు, 1669లో ఫ్రెంచివారు అచ్చట కొట్లు పెట్టిరి. డచ్చివారు అంతకు ముందే వచ్చియుండిరి. ఊరి పేటల పేర్లే దస్తావేజులు: ఇంగ్లీషుపాలెము, ఫ్రెంచిపేట, పరాసుపేట, వలందపాలెము. పరాసులనగా మన పెద్దలు ఫ్రెంచివారినే పిలిచిన పేరు. వలందులనగా డచ్చివారు. ఫ్రెంచిపేట నేల 1947 అక్టోబరు వరకు ఫ్రెంచివారిదే. యానాము 1954లో వారినుండి విడివడినది గదా. బందరులోని ఆ కొద్దిపాటి నేల మనకంటె ఏడేండ్లు ముందుగ విడివడినది. కనుక బందరువారు మనకు పొరుగువారే కాదు, ఒక చెరలోనుండి ముందు బయటపడిన అన్నలు.

1750లో బందరుకోట ఫ్రెంచివారి వశమైనది. 1758 డిసెంబరులో పిఠాపురము చేరువ చందుర్తివద్ద, మన యానామునకు ఒక పగటి ప్రయాణపు దూరమున, విజయనగరపు ఆనందగజపతిరాజు సహాయముతో ఇంగ్లీషు కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారి కాన్ఫ్లాను నోడించెను. ఓడినవారు బందరుకోటలో జొరబడిరి. తరిమినవారు మార్చి నెలలో దాని ముందు దిగిరి. కోటచుట్టు బురదనేల, ఉప్పుటేరు. 1759 ఏప్రిలు 7వ తేదీ రాత్రి, సముద్రపు పోటు తీసిన వేళ, కొందరు బురదవైపు కేకలువేసి కోటవారి చూపు నటు త్రిప్పగ, తక్కినవారు మరియొక ప్రక్క గోడనెక్కిరి. తెల్లవారునప్పటికి కోట చేయి మారెను. లొంగినవారు గెలిచినవారికంటె ఎక్కువమంది యున్నారట! ఆ రాత్రితో ఉత్తరసర్కారులలో ఫ్రెంచివారి పెత్తనము తీరినది. తరువాత రెండువందల యేండ్లు మన ప్రాంతమును ఎవరేలవలెనో తేల్చిన రాత్రి అది. దానికి నూటయైదేండ్ల పిమ్మట, 1864 నవంబరు 1వ తేదీ రాత్రి, ఉప్పెన వచ్చి ఊరిని ముంచి ముప్పదివేలమందిని పొట్టబెట్టుకొన్నది. ఆ నీరును ఆ కోటనేలమీదుగనే పోయెను.

ఇంత జరిగిన చోట మేము చూచినదేమి? తుమ్మముండ్లు, సర్కారుకంప. ఒక పాతగోడ పగులులో రావిచెట్టు వేరు దిగి ఇటుకలను విడదీయుచుండెను. నలుగురు కుర్రవాండ్రు చదునుగ నున్న చోట బంతియాట ఆడుచుండిరి. వారికి కొయ్యబద్దల బదులు పాత ఇటుకలే. మేకలు కాచుకొను నొక ముసలివాడు మా జోళ్లు చూచి, “స్థలము కొనవచ్చినారా బాబూ?” అని అడిగెను. ఆ ప్రశ్న మాకు రాత్రి నిద్ర పట్టనీయలేదు.

ఆ ముసలివాడు తెలివితక్కువవాడు కాడు. కాలము తెలిసినవాడు. 2023 మే నెలలో బందరు ఓడరేవు నిర్మాణపు పని ఆరంభమైనది. రేవు వలదని మేమనము, వర్తకుడు రేవు వలదనునా? ఎన్నాళ్లుగనో బందరు ఎదురుచూచిన భాగ్యమది. అయితే రేవు వచ్చు ఊరిలో నేల నిద్రపోదు. ఎకరములు సెంట్లగును, సెంట్లు గజములగును, రంగురాళ్లు పాతుదురు, కరపత్రములు పంచుదురు. పురావస్తువుల రక్షణకు 1958నాటి చట్టమున్నది. 2010లో దానిని సవరించి, రక్షిత కట్టడమునకు చుట్టు 100 మీటర్లలో క్రొత్త కట్టడము కూడదని, దానికావల మరి 200 మీటర్లలో అనుమతి లేనిది కట్టరాదని గట్టిచేసిరి. మంచిదే. కాని ఆ చట్టపు కొలత, జాబితాకెక్కిన కట్టడమునుండి మొదలగును. కోట యనగా మిగిలిన గోడయొక్కటియే కాదు. పూడిన కందకము కోటయే. మట్టిదిబ్బయైన బురుజు కోటయే. ఆ రాత్రి సిపాయీలు నడచిన బురద కూడ కోటయే. గోడను గొలుసువేసి కాపాడి, చుట్టునున్న దిబ్బలను చదునుచేసినయెడల, మిగులునది దంతము లేని చిగురు కాదు, చిగురు లేని దంతము. ఎంతకాలము నిలుచును?

కనుక మా అభిప్రాయమిది: బందరుకోట నేలనంతటిని ప్రజల తోటగ ప్రకటింపవలెను. రేవుపని పూర్తియైన పిమ్మట కాదు, ఇప్పుడే. కాపలావాడు ఒక ద్వారమున నిలువగలడు, నాలుగుదిక్కుల నిలువలేడు. సాయంకాలము వేయిమంది వచ్చి కూర్చుండు చోటును మాత్రము ఎవ్వడును రాత్రికి రాత్రి ఆక్రమింపలేడు. పుదుచ్చేరిలో నూరేండ్లకు పైగ జరిగినది అదియే. కోటను కాపాడినది పురావస్తు శాఖ కాదు, అన్నము తినిపించు తల్లులు, పత్రిక చదువు వృద్ధులు.

దూరదేశపు దృష్టాంత మొకటి చెప్పెదము. బందరుకోట చేయి మారిన 1759లోనే, ఐదు నెలల తరువాత, సెప్టెంబరు 13వ తేదీన, కెనడాలోని క్వెబెక్కు ఊరి బయట అబ్రహాము మైదానములో ఇదే ఇంగ్లీషువారు ఇదే ఫ్రెంచివారి నోడించిరి. యుద్ధమొక్కటే, సముద్రములు వేరు. అచ్చట రెండు ప్రక్కల సేనాపతులును మడిసిరి. ఆ మైదానములో కాలక్రమమున ఒక చెరసాల, ఒక తుపాకుల కర్మాగారము వెలసినవి. ఇండ్లకు కూడ పోవలసినదే. కాని ఊరు పుట్టి మూడువందల యేండ్లు నిండిన 1908లో ప్రభుత్వమువారు చట్టముచేసి దానిని ప్రజల ఉద్యానముగ మార్చిరి. నేడు అచ్చట చలికాలమున మంచుమీద జారుదురు, వేసవిలో సంగీతము వినుదురు. ఆ ఊరిలోనే గెలిచిన సేనాపతికిని ఓడిన సేనాపతికిని కలిపి ఒకే స్తంభము 1828 నాటిది నిలిచియున్నది. ఇంకొక విశేషము మనవంటివారికి ముఖ్యము. ఆ ఊరివారు నేటికిని ఫ్రెంచి మాటలాడువారు, విశాలమైన ఇంగ్లీషు దేశములో అల్పసంఖ్యాకులు. తాము ఓడిన చోటునే తోటచేసికొని, అందులో తమ భాషలోనే పలకలు వ్రాసికొన్నారు. ఓటమి జరిగిన చోటును దాచుకొనలేదు, అమ్ముకొనలేదు.

మా మాట విని సంఘములోనే కొందరు మిత్రులు ఆక్షేపించిరి. “పరదేశులు కట్టినది, పరదేశులు పట్టినది, మనకేల?” అనిరి. ఈ ప్రశ్న తేలికది కాదు. మా తండ్రిగారి తరమువారు యానాములో ఆ జెండా దిగుట కన్నులార చూచి ఆనందించినవారే. అయితే ఆ ఇటుకలు కాల్చినవారెవరు? సున్నము నూరినవారెవరు? ఆ కోట కాపాడిన సరకేమి? మన సాలెల బట్టయే, మన అద్దకపువారి రంగే. ఆ రాత్రి గోడనెక్కిన సిపాయీలలోను, గోడపై నిలిచిన సిపాయీలలోను మనవారు కలరు. ఉత్తరదేశమున సిపాయీని చాలకాలము ‘తెలింగా’ యనియే పిలిచిరి, మొదట ఆ కొలువులలో చేరినవారు తెలుగువారగుటచేత. దొరల పేర్లు వారి పుస్తకములలో నున్నవి. తెలింగాల పేర్లు ఏ పుస్తకములోను లేవు. వారికి మిగిలినది ఆ నేలయే. దానిని కూడ పరదేశులదని వదలుకొందుమా?

మన ప్రక్కనున్న కోరంగి రేవును తలచుకొనుడు. అచ్చటినుండి ఓడలెక్కి మారిషసు దీవికి కూలికి పోయిన మన తెలుగువారిని అచ్చట కోరంగీలనియే పిలిచిరి. వారు, ఇతర ప్రాంతములవారు దిగిన పోర్టులూయీ రేవులోని గట్టును ఆ దేశమువారు పదిలపరచుకొనిరి. 2006లో అది ప్రపంచ వారసత్వ స్థలముగ గుర్తింపబడినది. ఓడ దిగిన గట్టు ప్రపంచమునకు తెలిసినది. ఓడ యెక్కిన గట్టును మనము మన పిల్లలకే చూపలేకున్నాము.

మరియొక మిత్రుని ఆక్షేపణ వేరు. ఆయన గుత్తపనుల మర్మమెరిగినవారు. “పార్కని పేరుపెట్టితిరా, సిమెంటు ఏనుగులు వచ్చును, రంగునీళ్ల చిమ్ముడుగొట్టములు వచ్చును, కోట మిగిలినదికూడ పోవును” అనిరి. ఇది నూటికి నూరుపాళ్లు నిజమైన భయము. మేమును ఆయన పక్షమే. కోటనేలను లోతుగ త్రవ్వరాదు. దిబ్బను చదును చేయరాదు. పాత ఇటుకకు క్రొత్త సిమెంటు పూయరాదు. ఎవరి విగ్రహమును వలదు, మన సంఘాధ్యక్షులది అంతకంటె వలదు. నడచుటకు మట్టిబాట, కూర్చుండుటకు అరుగులు, త్రాగుటకు నీళ్లు, ఆడువారికి మరుగుదొడ్లు చాలును. చెట్ల విషయములో సముద్రపుగాలి తెలిసినవారి సలహా వినవలెను. ఉప్పునేలలో గులాబీలు పెంచి నెలకొకసారి మార్చుట బిల్లులకు మేలేగాని తోటకు మేలు కాదు. కానుగ, పొన్న, గంగరావి, తాడి ఇవి మన తీరపు చెట్లు, పోటుగాలికి వంగి మరల లేచునవి. గోడలకు మాత్రము దూరముగ నాటవలెను. రావివేరు చేయు పని మేము చూచియేయున్నాము.

ఇంకొక మాట చెప్పనియెడల మా మనస్సు ఒప్పుకొనదు. అటువైపు బెస్తవారి రాకపోకలున్నవి, మేకలవారి మేతయున్నది. తోటపేరిట వారిని తరిమినయెడల ఆ తోట మాకు వలదు. ఆ మేకల ముసలివాని దారి ఆ దిబ్బల నడుమనే యున్నది, ఆ దారి అట్లే యుండవలెను. అతనినే తోటమాలిగ పెట్టినను మేలే. కోట యెక్కడ నిలిచియుండెనో ఎక్కడ కూలెనో అతనికి తెలిసినంత మాకు తెలియదు.

ఇక మన సంగతి. యానాములో చూపదగిన కోట నేడు లేదు. ఉన్నది వర్తకపు ఊరు, నది, గుడులు, 1846నాటి సెయింట్ ఆన్సు చర్చి. గౌతమి గట్టున రాజీవ్ బీచి వచ్చినది, సాయంకాలము గాలికి మనమందరము పోవుచున్నాము, సంతోషము. కాని ఊరిలోపలి పాతవాని మాటేమి? ఇతరులను అడుగుటకు ముందు మా తప్పు మేము ఒప్పుకొనవలెను. ఫరంపేటలో మా తాతగారి పెంకుటిల్లు ఉండెడిది. బర్మా టేకు ద్వారబంధము, నడవాలో నాలుగు స్తంభములు, వెనుక సరకు దించుకొను అరుగు. పండ్రెండేండ్ల క్రిందట మా అన్నదమ్ములము దానిని పడగొట్టి, రోడ్డువైపు మూడు దుకాణపు గదులు కట్టితిమి. ద్వారబంధము కొన్న కాకినాడ వర్తకుడు బేరమాడకుండ డబ్బిచ్చెను. అప్పుడే మాకు అనుమానము కలుగవలసినది. గోడలో దొరికిన రేకుపెట్టెలో ఫ్రెంచిలో వ్రాసిన దస్తావేజులు, నోటరీ ముద్రలతో, ఆరేడు కలవు. వానిలో ఒకదాని వెనుక మా ముత్తాతగారి చేవ్రాలు తెలుగులోనున్నది. ముందు ఫ్రెంచి, వెనుక తెలుగు. అంతే మా కుటుంబచరిత్ర. పెట్టె మిగిలినది, ఇల్లు పోయినది. ఆ యింటి ముంగిట ఆడుకొను పేటపిల్లలు ఇప్పుడు ఆడుకొనుటకు చోటులేక రోడ్డుమీదనే ఆడుచున్నారు. కారు కూత వినగనే పరుగెత్తుచున్నారు.

బందరుకోటను గూర్చి మాటలాడుటకు యానామువారికి హక్కేమియని ఎవరైన అడుగవచ్చును. అది ఆంధ్రప్రదేశ్, మనది పుదుచ్చేరి. నిజమే. మన ఊరిచుట్టును ఉన్న పొలిమేరరాళ్లు మనకంటె ఎవరికి బాగుగ తెలియును? అయినను ఆ కోటకు కొలువుచేసిన జెండాయే మన ఊరిమీద 1954 వరకు ఎగిరినది. బందరు పోయినందుననే మనము ఇంత చిన్న ముక్కగ, ఒంటరిగ మిగిలితిమి. 1759 ఏప్రిలు నాటి ఆ రాత్రి మరియొకవిధముగ తెల్లవారినయెడల, మనము రాజధానికై 850 కిలోమీటర్లు పోవలసి యుండెడిది కాదేమో. ఈ సంబంధముకంటె పెద్ద హక్కుపత్రము మాకు తెలియదు.

మన కార్యవర్గమువారు రాబోవు సమావేశములో రెండు వినతిపత్రములను ఆలోచింపవలెనని ప్రార్థించుచున్నాము. ఒకటి పుదుచ్చేరి ప్రభుత్వమువారికి: భారతి పార్కులో లూయీకోట యుండిన చోటని తెలుపు రాతిపలకను అరవము, ఫ్రెంచి, ఇంగ్లీషులతో పాటు తెలుగున కూడ వేయింపవలెనని. దానికగు ఖర్చును మన సంఘమే భరించునని కూడ వ్రాయవలెను. అడుగువాడు చేయి ముందుకు చాపినప్పుడు అందులో ఏదైన నుంచి చాపినచో పని త్వరగ జరుగును. మా వంతు మేము ఇప్పుడే ప్రకటించుచున్నాము, పలకరాతికి కావలసిన వెలలో సగము. రెండవది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారికిని కేంద్ర పురావస్తు శాఖవారికిని: బందరుకోట నేలను కందకముతో, దిబ్బలతో సహా కొలిపించి హద్దులు ప్రకటించి, ప్రజలకు తెరచి యుంచవలెనని. బందరులోని మిత్రుల చేవ్రాళ్లు లేనిదే ఇది పంపరాదు. వారి ఊరు, వారు ముందుండవలెను. పెడనకు మేము మరల పోవునప్పుడు ఆ కాగితమును వెంట తీసికొనిపోయెదము.

పలకపై వ్రాయవలసిన తెలుగు వాక్యములను మన ఉపాధ్యాయులెవరైన తయారుచేసి ఇచ్చిన కృతజ్ఞులము. ఐదారు పంక్తులు చాలును, దొరల బిరుదులు తగ్గించి, ఆనందరంగపిళ్లైవారి తెలుగు లక్షణగ్రంథమును మరువక వ్రాయవలెను. పాత ఫ్రెంచి దస్తావేజులు, బందరుతోగాని పుదుచ్చేరితోగాని జరిగిన ఉత్తరప్రత్యుత్తరములు ఎవరి యిండ్ల పెట్టెలలోనైన నున్నయెడల, అసలులు మాకు వలదు, నకలు తీసికొని మరుక్షణమే తిరిగి యిచ్చెదము. ఆదివారము తప్ప తక్కిన దినములలో సాయంకాలము ఏడు గంటల తరువాత ఫరంపేటలోని మా దుకాణమున నుందుము.